కేంద్ర నిధి మన వీధికి చేరే దారి

"కేంద్రం నుంచి నగరానికి కోట్ల రూపాయలు వచ్చాయని విన్నాము, మరి మా వీధిలో మురుగుకాలువ ఇంకా అలాగే ఉన్నదేమి?" చంద్రపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి తరచు వినవచ్చే ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. నిధి ఎక్కడ బయలుదేరుతుంది, ఏయే మజిలీలలో ఆగుతుంది, దానిపై ఏయే షరతులు ఉన్నాయి అన్నది తెలిస్తే తప్ప మన కోరికను ఎవరికి, ఎప్పుడు విన్నవించుకోవాలో తెలియదు. ఆ దారిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిధి బయలుదేరే చోటు

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు రాజ్యాంగ హోదా కల్పించింది. 280వ అధికరణం ప్రకారం ఏర్పడే ఆర్థిక సంఘం, నగరాలకు ఎంత గ్రాంటు ఇవ్వాలో కేంద్రానికి సిఫారసు చేస్తుంది. మరాఠీ కాగితాలలో కనిపించే 'విత్త ఆయోగ్' ఇదే. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన ఏర్పడిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని పట్టణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. రాష్ట్రాల మధ్య పంపకంలో 90 శాతం ప్రాధాన్యం జనాభాకు, 10 శాతం విస్తీర్ణానికి ఇచ్చింది. ఆ జనాభా 2011 జనగణనలోనిది.

పది లక్షలకు మించిన జనాభా గల మహానగరాలకు ఒక పద్ధతి, తక్కినవాటికి మరొక పద్ధతి నిర్ణయమైనాయి. 2011 లెక్కల ప్రకారం సుమారు 3.2 లక్షల జనాభా గల చంద్రపూర్ రెండవ తరగతికి చెందుతుంది. గ్రాంటు ఏడాదికి రెండు వాయిదాలలో ముందుగా రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. రాష్ట్రం దానిని పది పనిదినాలలోగా స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి; ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి.

వంద రూపాయల లెక్క

మన వంటి నగరానికి వంద రూపాయలు వచ్చాయనుకుందాం. అందులో అరవై రూపాయలు ముందే నిర్దేశించిన పనులకు కట్టుబడి ఉంటాయి. ముప్పై రూపాయలు తాగునీరు, వాననీటి సేకరణ, వాడిన నీటి పునర్వినియోగానికి. ముప్పై రూపాయలు పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణకు. ఈ రెండింటిలో ఒక అవసరం పూర్తిగా తీరిపోయి ఉంటే ఆ సొమ్మును రెండవదానికి మళ్ళించవచ్చు. మిగిలిన నలభై రూపాయలను స్థానిక అవసరాలను బట్టి ఖర్చు చేయవచ్చు. అయితే జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదు.

కనుక ఒక సభామందిరం కావాలన్న అర్జీకి అరవై రూపాయల భాగంలో చోటు లేదు. మంచినీటి గొట్టం, చెత్త సేకరణ వంటి కోరికలకు ఆ భాగంలోనే మార్గం ఉన్నది. వీధికి ఏది కావాలో, అది ఏ పద్దులోకి వస్తుందో తెలిసి వ్రాసిన అర్జీకి బలం ఎక్కువ.

వాయు కాలుష్య నివారణ నిధి వేరు. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమపు నగరాల జాబితాలో చంద్రపూర్ కూడా ఉన్నది. ఆ సొమ్ము గాలిని శుభ్రపరిచే పనులకే గాని మురుగుకాలువకు రాదు.

నగరం నెరవేర్చవలసిన షరతులు

గ్రాంటు హక్కుగా రాదు, అర్హతతో వస్తుంది. మహానగరపాలిక తన వార్షిక లెక్కలను ప్రజలందరూ చూసేలా ఆన్‌లైన్‌లో ప్రకటించాలి. రాష్ట్రం ఆస్తిపన్నుకు కనీస రేట్లు నిర్ణయించాలి. ఆ పన్ను వసూలు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగినట్లు ఏటేటా పెరగాలి. ఇంటింటికి వచ్చే 'మాలమత్తా కర్' చీటీకి, ఢిల్లీ నుంచి వచ్చే గ్రాంటుకు ఉన్న సంబంధం ఇదే.

నగరంలో నిర్ణయం

మహానగరపాలిక శాఖలు పనుల ప్రతిపాదనలు సిద్ధపరుస్తాయి. ఆయుక్త రూపొందించిన 'అందాజపత్రక్', అనగా బడ్జెట్, స్థాయీ సమితి పరిశీలనకు, తరువాత సర్వసభకు వెళుతుంది. ఆమోదం పొందిన పనికి ఇంజనీర్ల అంచనా, టెండరు, కార్యాదేశం అనే మెట్లు ఉన్నాయి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది గనుక, ఆషాఢంలో నీరు నిలిచిన వీధి గురించి ఫాల్గుణంలో అడిగితే బడ్జెట్ అప్పటికే తయారై ఉంటుంది. దీపావళి నాటికే ప్రభాగ్ నగరసేవక్‌కు, ప్రభాగ్ కార్యాలయానికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, చేరినట్లు ముద్ర వేయించుకోవడం మేలు. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం చెబుతున్నది.

అమెరికాలో 1974 నుంచి నగరాలకు ఇస్తున్న సామాజికాభివృద్ధి గ్రాంటులో కనీసం 70 శాతం అల్ప, మధ్యస్థ ఆదాయ కుటుంబాలకు మేలు చేసే పనులకే వెచ్చించాలి; పౌరుల అభిప్రాయం కోసం బహిరంగ విచారణ జరపాలి. 15వ ఆర్థిక సంఘం సిఫారసులలో పేదల బస్తీలకు ఇంత శాతమన్న షరతు లేదు. కాబట్టి మన బస్తీ అవసరాన్ని మనమే కాగితం మీదికి ఎక్కించాలి.

మనవారికి ఎదురయ్యే రెండు చిక్కులు

మొదటిది భూమి. గనుల్లో పనికి వచ్చిన కుటుంబాలు బొగ్గు సంస్థ స్థలంలోనో, రైల్వే స్థలంలోనో ఇళ్ళు కట్టుకున్న చోట, ఆ యజమాని నిరభ్యంతర పత్రం లేనిదే పురపాలక పని సాధారణంగా ముందుకు సాగదు. అర్జీ పెట్టే ముందే స్థలం ఎవరిదో తెలుసుకుంటే ఏళ్ళ తరబడి తిరిగే శ్రమ తప్పుతుంది.

రెండవది లెక్క. ఇక్కడ కాపురముంటూ, జనగణనలో మాత్రం సొంత ఊళ్ళో పేరు చెప్పించుకునేవారు మనలో ఉన్నారు. నీరు ఇక్కడ తాగుతాము, చెత్త ఇక్కడ వేస్తాము. కాని కాగితం మీద నగరం ఆ మేరకు చిన్నదవుతుంది. జనాభాను బట్టి పంచే నిధిలో లెక్కకు రానివారి వాటా కూడా రాదు. తదుపరి జనగణన 2027కు నిర్ణయమైనది. గణకులు వచ్చినప్పుడు నివాసం ఉన్న చోటనే వివరాలు చెప్పండి. ఆ లెక్క రానున్న ఎన్నో ఏళ్ళ పంపకాలకు ఆధారమవుతుంది.

లెక్క అడిగే హక్కు

మీ ప్రభాగ్‌లో ఏ పద్దు కింద ఎంత ఖర్చయిందో 2005 నాటి సమాచార హక్కు చట్టం, మరాఠీలో 'మాహితీచా అధికార్', కింద అడగవచ్చు. రుసుము పది రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. సమాధానానికి గడువు 30 రోజులు. దరఖాస్తు మరాఠీలో గాని, హిందీలో గాని, ఆంగ్లంలో గాని ఉండాలి. వ్రాయలేనివారు నోటితో చెప్పినదానిని కాగితంపై పెట్టడానికి సహాయపడడం సమాచార అధికారి విధి అని చట్టంలోని 6వ సెక్షనే చెబుతున్నది. అక్షరం రాదన్న కారణంతో ఎవరూ వెనుదిరగనక్కరలేదు.

15వ ఆర్థిక సంఘపు కాలం 2026 మార్చి 31 వరకే. ఆపై ఐదేళ్ళకు 16వ సంఘపు సిఫారసులు వర్తిస్తాయి. శాతాలు, షరతులు మారవచ్చు. అర్జీ వ్రాసేముందు ఆ ఏటి నిధి ఏయే పనులకు కట్టుబడి ఉన్నదో ప్రభాగ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.