మీ యాప్ ఏ నంబరు మీద వింటోంది? పోర్టుల విశేషాలు

కాకినాడ జేఎన్‌టీయూలో గానీ, భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్‌లో గానీ ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లల పక్కన కాసేపు కూర్చోండి. వెబ్ అప్లికేషన్ రన్ చేయగానే తెర మీద ఒక చిరునామా, దాని చివర ఒక నంబరు కనిపిస్తాయి. 3000, 5000, 8000, 8080 ఇలా ఏదో ఒకటి. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. డెమో రోజున తిప్పలు పెట్టేది మాత్రం తరచుగా ఆ నంబరే. అందుకే దాని సంగతులు కొన్ని పోగేశాను.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒక్కటే. తూర్పు డెల్టాకు నీళ్లు ధవళేశ్వరం వైపు తూముల్లోంచి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి వెళ్తాయి. ఏ తూము ఎత్తితే ఆ కాలువకే నీరు. కంప్యూటరుకూ నెట్‌వర్కులో మామూలుగా చిరునామా ఒక్కటే ఉంటుంది. లోపల వెబ్ సర్వరు, డేటాబేసు, మెయిలు అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. వచ్చిన డేటా వీటిలో ఎవరికి చేరాలో చెప్పేదే పోర్టు నంబరు. అక్కడి బ్యారేజీకి 175 గేట్లుంటే కంప్యూటరుకు 0 నుంచి 65,535 దాకా నంబర్లున్నాయి. ఆ లెక్క అక్కడే ఎందుకు ఆగిందంటే, పోర్టు నంబరు రాయడానికి, డేటాను చేరవేసే టీసీపీ అనే పద్ధతిలో కేటాయించిన చోటు 16 బిట్లే.

ఈ నంబర్లను ఎవరు పంచారు? మొదట్లో దాదాపు ఒక్క మనిషే. 1972 మే నెలలో జాన్ పోస్టెల్ అనే అమెరికన్ కుర్రవాడు, ఏ సేవకు ఏ నంబరో ఒకచోట రాసి పెట్టాలని ప్రతిపాదించి, ఆ బాధ్యత తానే తీసుకుంటానన్నాడు. 1998లో పోయేదాకా ఆ పని వదల్లేదు. టెల్నెట్ 23, ఎఫ్‌టీపీ 21 అంటూ పాతవాటికి బేసి సంఖ్యలే ఎక్కువగా కనబడటానికీ కారణముంది. ఆనాటి నెట్‌వర్కులో కనెక్షను ఒక దిక్కుకే పనిచేసేది. పోవడానికి ఒక నంబరు, రావడానికి ఒక నంబరు చొప్పున జంటగా తీసుకునేవారు. టీసీపీ వచ్చాక ఒకటే చాలింది, జంటలో బేసిది మిగిలింది. వెబ్‌కు ఇచ్చిన 80 సరి సంఖ్య. 1992 జూలైలో వెలువడిన నంబర్ల జాబితాలో అది టిమ్ బెర్నర్స్-లీ పేరు మీద ఉంది.

21కీ 23కీ మధ్య 22 చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యిలోనెన్, పాస్‌వర్డులు దొంగల పాలు కాకుండా ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం రాశాడు. జూలైలో, 22 నాకిస్తారా అని ఒక ఈమెయిలు పెట్టాడు. మర్నాడే ఇచ్చేశామని జవాబొచ్చింది! ఫారాలు, ఫీజులు ఏమీ లేవు. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి అందించింది ఆ మరుసటి నెలలోనే, 1995 ఆగస్టు 15న. ఇవాళ రాజమండ్రిలో కూర్చుని ఎక్కడో ఉన్న క్లౌడ్ సర్వరులోకి లాగిన్ అయ్యే కుర్రాళ్లలో చాలామంది ఆ 22 గుండానే వెళ్తున్నారు.

లినక్స్‌లో 1024 కంటే తక్కువ నంబరు మీద వినాలంటే, అంటే వచ్చే కనెక్షన్ల కోసం కాచుకోవాలంటే, మామూలు యూజరుకు అనుమతి ఉండదు, అడ్మిన్ హక్కు కావాలి. పాత యూనిక్స్ రోజుల్లో ఒక్కో మెషీన్‌ను చాలామంది వాడుకునేవారు కనుక, ఎవరో విద్యార్థి తన ప్రోగ్రాంనే అసలు లాగిన్ సర్వరు అని నమ్మించకుండా పెట్టిన కట్టుబాటు ఇది. 80 దొరకని చోట 8080 వాడుకోవడం అలాగే అలవాటైంది. విండోస్‌లో ఈ నిబంధన లేదు. సొంత ల్యాప్‌టాప్‌లో నిక్షేపంగా నడిచిన యాప్ లినక్స్ సర్వరు ఎక్కగానే పర్మిషన్ లేదని మొరాయిస్తే, ముందు చూడాల్సింది ఇదే.

సరదా నంబర్లూ ఉన్నాయి. రెడిస్ డేటాబేసుది 6379. పాత ఫోను కీప్యాడ్ మీద ఇటలీ నటి అలెస్సియా మెర్జ్ ఇంటిపేరు నొక్కితే వచ్చే అంకెలవి. వీట్ (Vite) అనే టూలు 2022 దాకా 3000 వాడేది, తర్వాత 5173కి మారింది. వీ అంటే రోమన్ అంకెల్లో 5, తక్కిన మూడక్షరాలూ 1, 7, 3 ఆకారంలో ఉంటాయి. మనమూ పెట్టుకోవచ్చు. రాజమండ్రి స్టేషన్ కోడ్ ఆర్‌జేవై. కీప్యాడ్ మీద నొక్కితే 759 వస్తుంది, 1024కి లోపలే కాబట్టి లినక్స్ ఊరికే ఇవ్వదు. భీమవరం జంక్షన్ కోడ్ బీవీఆర్‌ఎంకి 2876 వస్తుంది, దానికి ఏ అడ్డూ లేదు.

పెద్ద నంబరైతే చాలనుకోకండి. 6000 పెట్టి చూడండి. సర్వరు చక్కగా లేస్తుంది, క్రోమ్ మాత్రం ఆ పేజీ తెరవనంటుంది. బ్రౌజర్లు కొన్ని పోర్టులను ప్రమాదకరమని ముందే నిషేధించాయి. 6665 నుంచి 6669 దాకా అంతే. 2021లో 10080 కూడా ఆ జాబితాలో చేరింది. పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే ఫ్లాస్క్ మామూలుగా వాడే 5000కి మరో చిక్కుంది. ఆపిల్ 2021లో తెచ్చిన మాంటెరే నుంచి మ్యాక్‌లో ఎయిర్‌ప్లే రిసీవరు ఆ నంబరును ముందే పట్టుకుని కూర్చుంటుంది.

ఇక అందరికీ ఎదురయ్యే ఎర్రర్, పోర్టు ఆల్రెడీ వాడుకలో ఉందన్నది. ఒక చిరునామాలో ఒక నంబరు మీద మామూలుగా ఒక్క ప్రోగ్రామే వినగలదు. పిల్లలు బ్రౌజర్ ట్యాబ్ మూసేసి యాప్ ఆగిపోయిందనుకుంటారు. అది వెనక టెర్మినల్‌లో నడుస్తూనే ఉంటుంది. లినక్స్‌లో ఇంకో పొరపాటు చాలా మామూలు. ఆపడానికి కంట్రోల్ సి నొక్కాల్సింది పోయి కంట్రోల్ జెడ్ నొక్కుతారు. ప్రాంప్ట్ తిరిగొస్తుంది, చచ్చిందనే అనిపిస్తుంది. నిజానికి అది నిద్రపోయింది, పోర్టును మాత్రం వదల్లేదు. విండోస్‌లో నెట్‌స్టాట్ కమాండును -ano అనే ఆప్షన్‌తో ఇస్తే ఏ పోర్టు ఎవరి చేతిలో ఉందో వరుసగా వస్తుంది. ప్రాసెస్ నంబరును చివరి కాలమ్‌లో చూపిస్తుంది. దాన్ని టాస్క్ మేనేజర్‌లో వెతికి ఆపేస్తే సరి, సిస్టమ్ రీస్టార్ట్ చేయనక్కర్లేదు.

నంబరు కంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది, పక్కనున్న ఫోనులో రావట్లేదు అంటారు. యాప్ 127.0.0.1 మీద వింటోంది కాబట్టి అలా అవుతుంది. అది ఆ మెషీన్‌కు మాత్రమే వినబడే చిరునామా. ఫ్లాస్క్, జాంగో, వీట్ మూడూ మొదట అలాగే లేస్తాయి. 0.0.0.0 అని మారిస్తే ఫైర్‌వాల్ ఒప్పుకున్నంత మేర నెట్‌వర్కులో అందరికీ తలుపు తీసినట్టే. నోడ్‌లో రాసిన యాప్ మనం ఏమీ చెప్పకపోయినా అందరికీ తలుపు తీసే ఉంచుతుంది. ఇది తెలియకుండా హాస్టల్ వైఫైలో యాప్ నడిపేవాళ్లు చాలామంది.

పోర్టును కోడ్‌లో రాసేయడం నాకు నచ్చదు. నంబరును బయటి నుంచి, పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా తీసుకునేలా రాయాలి, ఏమీ ఇవ్వకపోతే 3000 అనుకోమనాలి. హెరోకు లాంటి సర్వీసులు ఏ నంబరు ఇస్తాయో ముందు తెలియదు. ఇచ్చిన నంబరు మీద 60 సెకన్లలో యాప్ వినడం మొదలుపెట్టకపోతే హెరోకు దాన్ని ఆపేస్తుంది. స్ప్రింగ్ బూట్‌లో అయితే సెట్టింగుల ఫైలులో ఒక్క లైను మారిస్తే చాలు. అక్కడ 0 అని ఇస్తే ఖాళీగా ఉన్న నంబరేదో ఆపరేటింగ్ సిస్టమే చూసి ఇస్తుంది.

యాప్‌ను ఇంటి నుంచే బయటివాళ్లకు చూపించాలంటే ఇంకో చిక్కుంది. జీడిపప్పుకు పేరున్న కోనసీమ ఊరు మోరి. 2016 డిసెంబరులో దాన్ని స్మార్ట్ విలేజ్‌గా ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను మరుసటి ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. ఇలా పల్లెలకూ ఇంటింటికీ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక, ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే యాప్ పెట్టి ఊరందరికీ చూపిద్దామన్న ఆశ పుట్టడం సహజం. కానీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ అంతా సరిగ్గా పెట్టినా చాలాసార్లు బయటివాళ్లకు రాదు. ఎందుకంటే ఏ కంపెనీ కనెక్షనైనా ఇప్పుడు చాలా ఇళ్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండటం లేదు. పాత తరహా చిరునామాలు చాలక, ఒక్కదాన్నే బోలెడు ఇళ్లకు కలిపి ఇస్తున్నారు. అందులోని 65 వేల పైచిలుకు పోర్టులనే ఆ ఇళ్లు పంచుకుంటాయి. మీ రౌటర్ పేజీలో వాన్ (బయటి నెట్‌వర్కు వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 దాకా దేనితో మొదలైనా మీదీ అదే కథ. 2012లో ప్రత్యేకంగా దీనికోసమే కేటాయించిన వరుస అది. అప్పుడు ఎన్‌గ్రాక్ లాంటి టన్నెల్ సర్వీసు వాడుకోవడం ఒక దారి.

ఇలా ఒకే చిరునామాను పంచుకోవడంతో సైబర్ నేరాల దర్యాప్తులోనూ పోర్టుకు విలువ వచ్చింది. చిరునామా ఒక్కటే ఉంటే అది ఎవరింటిదో తేలదు. సమయంతో పాటు కనెక్షను బయలుదేరిన పోర్టు నంబరు కూడా ఉంటేనే తేలుతుంది. సర్వర్లు దాన్ని లాగ్‌లో రాయాలని 2011లోనే సిఫార్సు వచ్చింది.

చివరిగా, తెరిచి వదిలేసిన పోర్టు ఎంత ప్రమాదమో చూడండి. 2017 మొదట్లో 27017 పోర్టు పాస్‌వర్డు లేకుండా తెరిచి ఉన్న మాంగోడీబీ డేటాబేసులు ప్రపంచమంతటా వేల సంఖ్యలో దోపిడీకి గురయ్యాయి. డేటా తుడిచేసి, తిరిగి కావాలంటే డబ్బు కట్టమన్నారు. అక్కడ తాళాలు పగలగొట్టినవాళ్లు లేరు, తీసి ఉన్న తలుపులోంచే వచ్చారు. మీ యాప్ సర్వరు ఎక్కించే ముందు ఒక్కసారి చూసుకోండి. బయటికి వెబ్‌కు వాడే 80, 443 మాత్రమే తెరిచి ఉంచండి. 22ను మీరు లాగిన్ అయ్యే చిరునామాలకే పరిమితం చేయండి. 3306, 5432, 6379, 27017 లాంటి డేటాబేసు పోర్టులను బయటి ప్రపంచానికి పూర్తిగా మూసేయండి.