మగ్గం పక్కన చిన్న తెర

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మరమగ్గాల మీద కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. అందుకని మగ్గానికి లెక్క కట్టే పెట్టె బిగిస్తే, దాని తెర మీద కనిపించే అంకె ఆ నేతగాడి కూలే.

అలాంటి పెట్టెను ఆర్డ్వినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో చేసుకోవచ్చు. 2005లో ఇటలీలోని ఇవ్రెయాలో పుట్టిన ఈ బోర్డు సర్క్యూట్ పటాలు ఎవరైనా వాడుకోవచ్చు. మగ్గం క్రాంక్ ఇరుసుకు ఒక అయస్కాంతం, ఎదురుగా దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఒక పేక పోగు పడినట్టు. లెక్కించడం తేలికే, చిక్కంతా చూపించడంలో ఉంది. అంగుళానికి 60 పోగుల బట్టయితే మీటరుకు సుమారు 2,362 పోగులు. నేతగాడికి కావలసింది ఆ అంకె కాదు, 'ఒక మీటరు' అన్న మాట. భాగహారం యంత్రమే చెయ్యాలి.

ఏదైనా హెచ్చరించాలంటే మగ్గాల హోరులో బీప్ వినపడదు, దీపం వెలగాలి. నూనె చేతులకు టచ్ తెర కన్నా బొత్తామే మేలు. అయితే బొత్తాం నొక్కగానే లోపలి రేకులు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. చిప్ వేగానికి ఒక్క నొక్కు పది నొక్కులుగా కనిపిస్తుంది. 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడమని ప్రోగ్రాములో రాయాలి.

అన్నిటికన్నా కష్టం అక్షరాలు. చవకగా దొరికే రెండు వరుసల ఎల్‌సీడీలో ఒక్కో గడికి అడ్డం 5, నిలువు 8 చుక్కలు. అందులో మన 'ష్ట్ర' ఇమడదు. సొంతంగా గీసుకునేందుకు ఇచ్చేవీ 8 గళ్లే. 128×64 చుక్కల ఓఎల్‌ఈడీ నయం. కానీ ఆ తెర బొమ్మ మొత్తం దాచడానికి 1,024 బైట్లు కావాలి, ఆర్డ్వినో ఊనో ఆర్3 ర్యామ్ 2,048 బైట్లే. సగం తెరకే పోతుంది! అందుకే ఇలాంటి తెరలను నడిపే యు8జి2 లైబ్రరీలో తెరను పట్టీలు పట్టీలుగా గీసే వీలుంది. వత్తులు, గుణింతాలు అప్పటికప్పుడు పేర్చడం మాత్రం ఇంత చిన్న చిప్‌కు మోయలేని పని.

నాకు తోచిన దారి ఇది. 'మీటర్లు', 'పోగు తెగింది', 'ఆగింది' లాంటి పన్నెండు మాటలు చాలు. వాటిని ముందే బొమ్మలుగా గీసి, ప్రోగ్రాము ఉండే ఫ్లాష్‌లో దాచాలి. 64×16 చుక్కల మాటకు 128 బైట్లు, పన్నెండుకు 1,536. ఊనో ఆర్3 ఫ్లాష్ 32 కిలోబైట్లు. పక్క మగ్గాల వాళ్ల కోసం ఒడియా, మరాఠీ, గుజరాతీ మాటలు కూడా పడతాయి.

ఇలాంటి పెట్టె చేసే మిత్రులారా, సర్క్యూట్‌తో పాటు ఆ తెలుగు మాటల బొమ్మలనూ అందరికీ ఇవ్వండి. సిరిసిల్ల మరమగ్గాలకూ అవే పనికొస్తాయి.