ఇంటిలోపలి గాలి – బాష్పశీల రసాయనాలు: ఆరోగ్యసమస్యల పరిశీలన

వ్యాససంగ్రహం:
వాయుకాలుష్యం అనగానే వాహనాల పొగ, కర్మాగారాల గొట్టాలు స్ఫురిస్తాయి. మనిషి ఎక్కువకాలం గడిపే ఇంటిలోపలి గాలి అంతగా స్ఫురణకు రాదు. రంగులు, ప్లైవుడ్, కలరా ఉండలు, దోమల కాయిల్స్ మొదలైనవాటి నుండి వెలువడే బాష్పశీల కర్బన సమ్మేళనాల స్వభావాన్ని, అవి కలిగించే ఆరోగ్యసమస్యలను, నివారణమార్గాలను వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. వాసనను బట్టి గాలి మంచిచెడులను నిర్ణయించే అలవాటు ఎంతవరకు నమ్మదగినదో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: గృహవాయువు, బాష్పశీల సమ్మేళనాలు, ఫార్మాల్డిహైడ్, బెంజీన్, నాఫ్తలీన్, వాసన.

1. ఉపోద్ఘాతం:
2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఒక పాలిమర్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్నవారి ఇళ్ళను చుట్టుముట్టింది. పదిమందికి పైగా మరణించారు. వందలాదిమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఈ స్టైరీన్ బాష్పశీల కర్బన సమ్మేళనాలలో ఒకటి. ఆ దుర్ఘటనలో రసాయనం మోతాదు అత్యధికం, వ్యవధి కొద్ది గంటలు. మన ఇళ్ళలో నిత్యం ఎదురయ్యే పరిస్థితి ఇందుకు భిన్నమైనది. ఇక్కడ మోతాదు స్వల్పం, వ్యవధి సంవత్సరాల తరబడి. మొదటిది వార్త అవుతుంది. రెండవది తలనొప్పిగా, కళ్ళమంటగా, తగ్గని దగ్గుగా గుర్తింపు లేకుండానే సాగిపోతుంది.

2. బాష్పశీల సమ్మేళనాలు – స్వభావం:
గది ఉష్ణోగ్రత వద్దనే సులభంగా ఆవిరయ్యే కర్బన రసాయనాలను బాష్పశీల కర్బన సమ్మేళనాలంటారు. బెంజీన్, టోలుయీన్, జైలీన్, నాఫ్తలీన్ వంటివి ఈ కోవకు చెందుతాయి. ఫార్మాల్డిహైడ్ మరుగుస్థానం మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. కనుక దానిని అతిబాష్పశీల పదార్థంగా పరిగణిస్తారు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1980లలో జరిపిన అధ్యయనాలలో, పన్నెండు వరకు సాధారణ కర్బన కాలుష్యకారకాలు ఇళ్ళ వెలుపలికంటే లోపల 2 నుండి 5 రెట్లు అధికంగా ఉన్నట్లు తేలింది. ఆ ఇళ్ళు ఊరిలో ఉన్నా పారిశ్రామికవాడలో ఉన్నా ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. దీనికి కారణం స్పష్టం. ఆరుబయట ఆవిరి పలుచబడిపోతుంది, మూసిన గదిలో పేరుకుపోతుంది. ఏసీ కోసం తలుపులు బిగించిన గదిలో ఈ పేరుకుపోవడం మరింత ఎక్కువ. సాధారణ స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది తప్ప బయటిగాలిని లోనికి తీసుకురాదు.

3. గృహంలోని మూలాలు:
3.1 కలప సామగ్రి: ప్లైవుడ్, పార్టికిల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. పలకలలో చెక్కపొరలను, పొట్టును అతికించడానికి యూరియా–ఫార్మాల్డిహైడ్ జిగురును విరివిగా వాడతారు. ఇది నెలలు, సంవత్సరాల పాటు ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తుంది. వేడి, తేమ పెరిగినకొద్దీ విడుదల పెరుగుతుంది. కోస్తా ఉక్కపోతను దృష్టిలో ఉంచుకొన్నప్పుడు ఈ అంశం మనకు ముఖ్యమైనది.

3.2 రంగులు, ఇంధనాలు: ఎనామెల్ రంగులు, వార్నిష్, థిన్నర్ ఆరేటప్పుడు వెలువడేది ప్రధానంగా ద్రావణుల ఆవిరే. వసారాలోనో, ముందుగదిలోనో రాత్రిపూట నిలిపే ద్విచక్రవాహనం నుండి బెంజీన్‌తో కూడిన పెట్రోలు ఆవిరి ఇంటిలోకి చేరుతుంది.

3.3 కలరా ఉండలు: బీరువాలో పట్టుచీరల మధ్య ఉంచే ఈ ఉండలు కొన్నివారాలలో కరిగిపోయినట్లు కనిపిస్తాయి. నిజానికి అవి ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరై, బట్టలలోకి, గదిగాలిలోకి చేరతాయి.

3.4 పొగలు: అగరుబత్తీలు కాలినప్పుడు పొగతోపాటు బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వెలువడతాయి. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్ల నుండి వచ్చేదానికి సమానం కావచ్చునని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది.

4. ఆరోగ్యంపై ప్రభావం:
తక్షణ ప్రభావాలలో కళ్ళు, ముక్కు, గొంతు మండటం, తలనొప్పి, వికారం, ఉబ్బసం ఉధృతం కావడం ప్రధానమైనవి. దీర్ఘకాలిక ప్రభావాలు రసాయనాన్ని బట్టి మారుతాయి. ఫార్మాల్డిహైడ్, బెంజీన్ రెండింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులలో క్యాన్సర్ కారకాలుగా వర్గీకరించింది. బెంజీన్ ఎముకమజ్జను దెబ్బతీసి రక్తక్యాన్సర్‌కు దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించిన గృహవాయు మార్గదర్శకాలలో ఫార్మాల్డిహైడ్‌కు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము (30 నిమిషాల సగటు), నాఫ్తలీన్‌కు 0.01 మిల్లీగ్రాము (వార్షిక సగటు) పరిమితులుగా సూచించింది. బెంజీన్‌కు సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదని పేర్కొంది.

నాఫ్తలీన్ విషయంలో పసిపిల్లలకు పొంచి ఉన్న ముప్పు ప్రత్యేకంగా గమనింపదగినది. జీ–6–పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులలో ఈ ఆవిరి ఎర్రరక్తకణాలను ఛిద్రం చేసి, తీవ్రమైన రక్తహీనతను, కామెర్లను కలిగిస్తుంది. కలరా ఉండలతో దాచిన బట్టలను, దుప్పట్లను నేరుగా వాడటంవల్ల ఇలాంటి ప్రమాదాలు జరిగినట్లు వైద్యసాహిత్యంలో నమోదైంది. బాలింతకు, బిడ్డకు బీరువాలోని పాత మెత్తని చీరలు తీసి పరిచే అలవాటు ఉన్న మన ఇళ్ళలో ఈ ఒక్క విషయం తెలిసి ఉండటం ఒక బిడ్డను కాపాడవచ్చు.

5. వాసన – ఒక భ్రమ:
ప్రాచీన కావ్యభాషలో ‘కంపు’ అనే పదం పరిమళాన్ని కూడా బోధించేది. నేటి వాడుకలో అది దుర్గంధానికే పరిమితమైంది. వాసన మంచిదా చెడ్డదా అన్నదానిపై వాడుక, అలవాటు ప్రభావం కూడా ఉంటుంది. దానిని బట్టి రసాయనం హానికరమో కాదో చెప్పలేం. కొత్తరంగు వాసన కొత్తఇంటి గుర్తుగా, కలరా ఉండల వాసన శుభ్రతకు గుర్తుగా మన మనసులో నాటుకుపోయాయి. పైగా ఎడతెగని వాసనకు ముక్కు కొద్దిసేపటిలోనే అలవాటుపడుతుంది. వాసన తెలియనంతమాత్రాన ఆవిరి పోయినట్లు కాదు. నిమ్మవాసన వచ్చే రూమ్ ఫ్రెషనర్లలోని లిమోనీన్ గాలిలోని ఓజోనుతో కలిసి ఫార్మాల్డిహైడ్‌ను పుట్టిస్తుంది. అంటే ‘సువాసన’ కూడా గాలిని శుద్ధి చేయదు.

6. నివారణమార్గాలు:
మొదటిది మూలాన్ని తగ్గించడం. తక్కువ ఉద్గారాలు గల ప్లైవుడ్‌ను, నీటి ఆధారిత రంగులను ఎంచుకోవాలి. కలరా ఉండలు మానలేనివారు ఆ బట్టలను ఉతికి, ఎండలో ఆరవేసిన తరువాతనే వాడాలి. పసిపిల్లల బట్టల దగ్గర వాటిని అసలు ఉంచరాదు. కాయిల్ బదులు దోమతెర వాడటం మేలు.

రెండవది గాలిని మార్చడం. ఎదురెదురు కిటికీలను రోజూ కొంతసేపు తెరచి ఉంచాలి. గృహప్రవేశ ముహూర్తానికి కొన్నివారాల ముందే రంగులపని, వడ్రంగిపని ముగించి, ఇంటికి గాలి ఆడనివ్వాలి. మండువా లోగిలి వంటి పాత ఇళ్ళలో గాలి ఆడేది. అంతమాత్రాన పాతకాలపు గాలి స్వచ్ఛమని చెప్పలేం. ఆ వంటింటి కట్టెలపొయ్యి పొగలోనూ బెంజీన్ ఉంది.

కుండీలలో మొక్కలు పెంచితే చాలునన్న నమ్మకం ప్రచారంలో ఉంది. దీనికి మూలం చిన్న మూసిన పెట్టెలలో నాసా చేసిన ప్రయోగాలపై 1989లో వెలువడిన నివేదిక. సాధారణ గాలిమార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావాలని 2019లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది.

7. ముగింపు:
మనదేశంలో 2009లో ప్రకటించిన జాతీయ వాయునాణ్యతా ప్రమాణాలలో బెంజీన్‌కు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాముల వార్షిక పరిమితి ఉంది. అయితే ఆ ప్రమాణాలు బహిరంగ వాయువుకు ఉద్దేశించినవి. ఇంటిలోపలి గాలి విషయంలో తొలి రక్షణ గృహస్థుల అవగాహనే. ఆ అవగాహన ఇంటింటికీ చేరాలంటే శాస్త్రవిషయం తెలుగులో, ఇంటిలో వాడే పేర్లతో చెప్పాలి. ‘నాఫ్తలీన్’ అంటే అందనిది ‘కలరా ఉండ’ అంటే అందుతుంది. ఈ పనిలో విజ్ఞానశాస్త్ర అధ్యాపకులతోపాటు భాషాధ్యాపకులకూ బాధ్యత ఉంది.