తొంభై దాటినా ఆగని చేతులు

మా తాతయ్యకు ఒక హార్మోనియం పెట్టె ఉండేది. ఊళ్లో ఎవరింట్లో కూడిక జరిగినా ఆయన, ఆయనతోపాటు ఆ పెట్టె ఉండాల్సిందే. 78వ ఏట ఒకరోజు పాట ముగించి చాప మీద నుంచి లేవబోతూ తూలిపడ్డారు. ఎముకలేమీ విరగలేదు, మోచెయ్యి గీసుకుపోయిందంతే. కానీ ఇంట్లో అందరం హడలిపోయాం. అప్పటికే వేలి కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి బిగించడం కూడా ఆయనకు కష్టంగా ఉండేది. "ఈ వయసులో నీకెందుకు తాతయ్యా ఈ శ్రమ, హాయిగా కూర్చో" అని ఆ పెట్టెను అటకెక్కించాం. ప్రేమతో చేసిన పనే.

ఆసుపత్రిలో పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఇదే మాట ఎన్ని కుటుంబాల నోట విన్నానో! ఒక ఇంట్లో హార్మోనియం, ఇంకో ఇంట్లో కుట్టుమిషను, మరో ఇంట్లో కాయిర్‌లో అమ్మమ్మ కూర్చునే చోటు. అందుకే 90 ఏళ్లు దాటాక కూడా సంగీతాన్ని వదలని కొందరి గురించి ఈసారి మీతో చెప్పాలనిపించింది. వాళ్లకు ముసలితనం రాలేదనుకుంటే పొరపాటు. అందరికీ వచ్చినట్టే వచ్చింది. దానితో వాళ్లు ఎలా సర్దుకున్నారన్నదే మనకు కావలసిన సంగతి.

పియానో ముందు విచ్చుకున్న వేళ్లు

పాబ్లో కసాల్స్ 1876లో స్పెయిన్ దేశంలోని కటలోనియాలో పుట్టారు. ఆయన వాద్యం సెల్లో. ఫిడేలు కన్నా చాలా పెద్దది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. భుజానికీ, నడుముకీ, వేళ్లకీ బాగా పని చెప్పే వాద్యం. 1957లో, 80 ఏళ్ల వయసులో, ప్యూర్టోరికో దీవిలో కచేరీకి రిహార్సల్ చేస్తుండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మరుసటి ఏడాది అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో వాయించారు. 1961 నవంబరులో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు కెనెడీ ఎదుట వాయించారు. 1904లో అదే భవనంలో థియోడర్ రూజ్‌వెల్ట్ ఎదుట వాయించిన మనిషే ఈయన!

ఆయన 90వ పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు అమెరికా పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ ఆయన ఇంటికి వెళ్లారు. అక్కడ చూసినది 1979లో తన అనారోగ్యం గురించి రాసిన పుస్తకంలో వివరించారు. పొద్దున కసాల్స్ గదిలోంచి బయటికి వచ్చినప్పుడు నడుము బాగా వంగి ఉంది, కాళ్లు ఈడుస్తూ నడుస్తున్నారు. ఊపిరి కష్టంగా ఆడుతోంది. చేతులు వాచి, వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. కీళ్లవాతం, దానికి తోడు ఊపిరితిత్తుల జబ్బు. ఫలహారం కూడా చేయకుండా, ఎలాగో సర్దుకుని పియానో ముందు కూర్చున్నారు. మెల్లగా బాక్ స్వరపరచిన సంగీతం మొదలుపెట్టగానే వేళ్లు విచ్చుకున్నాయట, వీపు నిటారైందట, ఊపిరి తేలికపడిందట. తర్వాత లేచి మామూలుగా నడిచివెళ్లి, తృప్తిగా ఫలహారం చేసి, సముద్రపు ఒడ్డుకు వాహ్యాళికి వెళ్లారు.

దీన్ని అద్భుతం అనడానికి నా మనసు ఒప్పుకోదు. కీళ్లవాతంలో పొద్దున్నే బిగుసుకున్న కీళ్లు మెల్లగా కదిలిస్తే సడలుతాయి. ఈ సంగతి ఫిజియోథెరపీ గదిలో రోజూ చూస్తూనే ఉంటాం. మనసు ఇష్టమైన పనిలో లగ్నమైతే నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. కసాల్స్ జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే రోజు మధ్యాహ్నం ఆయన మళ్లీ వంగిపోయి కనబడ్డారని, సెల్లో పట్టుకున్నాక మళ్లీ తేరుకున్నారని కజిన్సే రాశారు. పొద్దున లేవగానే పియానో దగ్గర కూర్చోవడం తనకు 80 ఏళ్ల అలవాటని, అది ఇంటికి దీవెన లాంటిదని కసాల్స్ చెప్పుకునేవారు. అంత పాత అలవాటు కనుకే ముడుచుకున్న చేతులు కూడా దారి మరచిపోలేదు. 1971 అక్టోబరులో, 94 ఏళ్ల వయసులో, మరోసారి ఐక్యరాజ్యసమితి సభలో వాయించారు. 1973లో 96వ ఏట కన్నుమూశారు.

తక్కువ పాటలు, ఎక్కువ సాధన

వైట్‌హౌస్ కచేరీలో కసాల్స్ పక్కన పియానో వాయించినది మిచిస్వావ్ హోర్షోవ్‌స్కీ. పోలిష్ విద్వాంసుడు, 1892లో పుట్టారు. చిన్న చేతులు, నెమ్మదైన మనిషి. 1981లో, 90కి దగ్గరపడ్డాక, మొదటిసారి పెళ్లి చేసుకున్నారు. (ఈ మాట చెబితే మా వార్డులో ఒక పెద్దాయన రెండు రోజులు నవ్వారు.) తర్వాత చూపు మందగించింది. అయినా జ్ఞాపకం నుంచే కచేరీలు చేస్తూ, 1991 అక్టోబరులో 99 ఏళ్ల వయసులో ఫిలడెల్ఫియాలో చివరిసారి వేదిక మీద వాయించారు. 1993లో, నూటొకటో పుట్టినరోజుకు నెల ముందు చనిపోయారు. దానికి వారం ముందు కూడా శిష్యులకు పాఠం చెప్పారు.

ఆర్థర్ రూబిన్‌స్టైన్ అనే మరో పియానో విద్వాంసుడి సంగతి మన పెద్దవాళ్లకు ఇంకా పనికొస్తుంది. 80 దాటాక కూడా అంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే ఆయన దాచుకోకుండా చెప్పారు. వాయించే రచనల సంఖ్య తగ్గించుకున్నారు. ఉంచుకున్నవాటిని మునుపటి కన్నా ఎక్కువ సాధన చేశారు. వేగంగా వాయించాల్సిన భాగానికి ముందు కావాలనే కాస్త నెమ్మదించేవారు; దాంతో తర్వాతి భాగం వినేవారికి వేగంగా అనిపించేది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బాల్టెస్ వృద్ధాప్యంలో మనిషి ఎలా నెగ్గుకొస్తాడో వివరించడానికి ఈ ఉదాహరణనే తీసుకున్నారు. రూబిన్‌స్టైన్‌కు కంటి చూపు మధ్యభాగం దెబ్బతిని 1976లో, 89వ ఏట కచేరీలు ఆపాల్సి వచ్చింది. ఆపడం కూడా ఉంటుంది. కాకపోతే ఆ నిర్ణయం ఆయనే తీసుకున్నారు, ఇంట్లో వాళ్లు పియానోను అటకెక్కించలేదు.

మన దేశంలో గ్వాలియర్ ఘరానా గాయకులు ఉస్తాద్ అబ్దుల్ రషీద్ ఖాన్ 1908లో పుట్టి, వందేళ్లు దాటాక కూడా వేదిక మీద పాడారు. కోల్‌కతాలో శిష్యులకు నేర్పుతూ ఉండేవారు. 2013లో పద్మభూషణ్ అందుకున్నప్పుడు ఆయన వయసు 104. 2016లో కన్నుమూశారు. వయసుతో స్వరతంత్రులు పలచబడతాయి, ఊపిరి నిలవదు, పై స్థాయి అందదు. కానీ మన సంగీతంలో శ్రుతి గాయకుడి చేతిలో ఉంటుంది. ఒక మెట్టు కిందికి దిగి పాడితే తప్పేమీ లేదు. కాయిర్ నడిపించే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట: పాటను ఒక మెట్టు తగ్గించి ఎత్తుకోండి. వెనక వరుసలో మూగబోయిన గొంతులు ఎన్ని కలుస్తాయో మీరే చూస్తారు.

కర్నూలు డాక్టరుగారు

వైద్యానికీ సంగీతానికీ చెందిన తెలుగు పెద్దాయన ఒకరున్నారు. డాక్టర్ శ్రీపాద పినాకపాణి 1913 ఆగస్టులో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టారు. విశాఖపట్నంలో వైద్యం చదివి ఎం.డి. అయ్యారు. కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేశారు. పగలు రోగులు, మిగిలిన వేళ సంగీతం. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ వచ్చాయి. తొంభైలలో కూడా కర్నూలులో ఇంటికి వచ్చినవారికి పాఠం చెప్పేవారు. 2013 మార్చిలో, వందేళ్లకు కొద్ది నెలల ముందు, ఆ ఊళ్లోనే కన్నుమూశారు. కచేరీ చేసే ఓపిక తగ్గినా నేర్పే ఓపిక మిగులుతుందని ఆయన్ని తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పాడితే వందేళ్లు బతుకుతారని ఎవరూ హామీ ఇవ్వలేరు. బతికినవాళ్ల పేర్లే మనకు వినబడతాయి. బీపీ, షుగరు మాత్రలకు బదులు పాట పనిచేయదు.

ఇంట్లో వాయించే పెద్దవాళ్లుంటే ముందుగా చూడాల్సింది కూర్చునే చోటు. నేల మీద కూర్చుని లేవడంలోనే సగం ప్రమాదం ఉంది. వాద్యాన్ని బల్ల మీద పెట్టి, చేతులున్న కుర్చీ వేయండి. వాయించే ముందు చేతులు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వేళ్లు మెల్లగా ఆడించమనండి. ఒకేసారి గంట వద్దు, పావుగంట చొప్పున చాలు. ఆపిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి ఎక్కువగానే ఉంటే మర్నాడు తగ్గించాలి. కీలు ఎర్రబడి వేడిగా వాస్తే ఆపి డాక్టరుకు చూపించాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. గొంతు బొంగురు మూడు వారాలకు మించి ఉంటే వయసని వదిలేయొద్దు, గొంతు డాక్టరు చూడాల్సిందే. చూపు, వినికిడి కూడా అంతే. శుక్లమైతే ఆపరేషనుతో పోతుంది. చెవిలో గులిమి గట్టిపడినందుకే పాట సరిగా వినపడక కాయిర్ మానేసిన ఒక పెద్దమ్మను నేను ఎరుగుదును.

మా తాతయ్య సంగతికి వస్తే, పెట్టె అటకెక్కిన ఏడాదిలో ఆయన మాట్లాడటం తగ్గించేశారు. మధ్యాహ్నం కూడా మంచం దిగేవారు కాదు. భుజం పట్టేసిందని ఒక ఫిజియోథెరపీ అక్క దగ్గరికి తీసుకెళ్తే, "ఏం పని చేసేవారు తాతగారూ?" అని అడిగింది. "పెట్టె వాయించేవాణ్ణమ్మా" అన్నారు. "ఇప్పుడెక్కడుంది పెట్టె?" అంది. ఆయన మా వైపు చూశారు.

దించితే తిత్తి తోలు చీలిపోయి ఉంది, రెండు మెట్లు పలకడం లేదు. బాగు చేయించి బల్ల మీద పెట్టాం. ఎడమచేత్తో తిత్తి లాగడం ఆయన వల్ల కాలేదు. పాతిక ముప్పై పాటలు వచ్చిన మనిషికి నాలుగే మిగిలాయి. ఆ నాలుగు పాటలూ కుడిచేత్తో ఆయన వాయిస్తుంటే, పక్కన స్టూలు వేసుకుని తిత్తి నేను నొక్కేదాన్ని. ఐదేళ్లు అలా నడిచింది. నేను తాళం తప్పి నొక్కితే మోచేత్తో ఒక్క పోటు పొడిచేవారు.