సీతాకోకచిలుక వెనుక తోడేలు

అమీర్‌పేటలోని మైత్రీవనం కూడలిలో ఉదయము ఏడు గంటలకే జనసమ్మర్దము మొదలగును. కంప్యూటరు విద్యకై జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు సంజీవరెడ్డినగర్ వసతిగృహములనుండి సంచులు భుజాన వేసికొని బయలుదేరుదురు. మెట్రోలో ఒకటి రెండు మజిలీల దూరమున, పంజగుట్టలో, ఆ వేళకే వేరొక వరుస నిలిచియుండును. అది నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో ఓ.పి. చీట్లకై నిలిచిన వరుస. 1964లో నిజాం ధర్మనిధి సాయముతో ఎముకల ఆసుపత్రిగా వెలసి, 1989లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ఈ సంస్థను జనులందరును నిమ్స్ అనియే పిలుతురు. అచట కీళ్లవాత విభాగము ముందు ఇరువదియేండ్ల పిల్లలు కూర్చుండియుండుట చూచి క్రొత్తవారు విస్తుపోవుదురు. కీళ్లవాతము ముసలివారి సొత్తు గదా యని వారి తలంపు. కాని ఆ వయసువారినే, అందును స్త్రీలనే, ఏరికోరి పట్టుకొను వ్యాధి యొకటి కలదు. దాని పేరు లూపస్. పెద్దలలో ఈ వ్యాధిగ్రస్తులు పదిమంది యున్నచో సుమారు తొమ్మండుగురు స్త్రీలే.

లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. ముఖమున లేచు పుండ్లను చూచి, తోడేలు కరచినట్లున్నవని పూర్వపు ఐరోపా వైద్యులు ఆ పేరు పెట్టిరి. పందొమ్మిదవ శతాబ్దమున వియన్నా వైద్యుడు హెబ్రా ముక్కుమీదుగా రెండు చెక్కిళ్లకును వ్యాపించు దద్దురును సీతాకోకచిలుకతో పోల్చెను. రెండుపోలికలును ముఖమును గూర్చినవే. పొరపాటంతయు ఇచ్చటనే పుట్టినది. ఇది చర్మవ్యాధి యనియే లోకము చాలకాలము నమ్మినది. లోపలి అవయవములను కూడ ఇది కబళించునని 1872లో కపోసీయు, 1895లో ఆస్లరును వ్రాసిన పిదపగాని వైద్యులకు కనువిప్పు కలుగలేదు.

మన యిండ్లలో ఆ కనువిప్పు ఇంకను పూర్తిగా కాలేదనవలెను. మన మేనిచాయలో ఎఱుపు తేటగా కనబడదు. నల్లని కమురువలె తోచును. ఎండదెబ్బ యనియో, మంగు అనియో తలచి పూతమందులు రాయుదురు. ఎండ తగిలినప్పుడెల్ల అది హెచ్చుట నిజమే గనుక ఆ భ్రమ బలపడును. జుట్టు రాలినచో హైదరాబాదు నీటిమీదకు నెట్టుదురు. వ్రేళ్ల కణుపులు నొచ్చినచో కంప్యూటరు మీట లొత్తుటవలన ననుకొందురు. విడువని జ్వరమునకు క్షయ యేమో యని శంకింతురు. వేర్వేరుగా చూచినచో ప్రతి సమాధానమును సబబుగనే యుండును. అన్నిటిని ఒక్కచోట చేర్చి చూచువారు లేకపోవుటయే చిక్కు.

ఇంతకును లోపల జరుగునదేమి? కంచె చేను మేయుట యన్న సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. సూక్ష్మజీవులపై ప్రయోగింపవలసిన ప్రతిరక్షకములను శరీరము తన కణముల కేంద్రకములోని పదార్థముపైననే ప్రయోగించును. అవి రెండును కలిసి ముద్దలై రక్తములో తిరుగుచు, లేదా చిక్కుకొన్న చోటనే ఏర్పడుచు, సన్నని నాళములలో నిలిచిపోవును. అట్టి సన్నని నాళములు మూత్రపిండములలో ఉన్నన్ని వేరెచటనుండును? ఒక్కొక్క మూత్రపిండమున సుమారు పదిలక్షల వడపోత గుచ్ఛములు కలవు. రోజునకు దాదాపు 180 లీటర్ల ద్రవము వానిలో వడియగా, తుదకు లీటరున్నర మాత్రమే మూత్రముగా వెలువడును. జల్లెడ చిరిగినచో పిండితోపాటు తవుడును దిగినట్లు, ఈ గుచ్ఛములు వాచినచో నిలువవలసిన ఆల్బుమిను జారిపోవును, రక్తకణములును జారును.

ఇందులో భయంకరమైన విషయము నొప్పి లేకపోవుట. పిల్ల తరగతికి పోవుచుండును, పరీక్షలు వ్రాయుచుండును. మూత్రములో నురుగు నిలుచుట, ఉదయమున కనురెప్పలు ఉబ్బుట, సాయంకాలమునకు పాదములు పొంగి చెప్పుల గుర్తులు పడుట, చిన్నవయసుననే రక్తపోటు హెచ్చుట ఆలస్యముగా వచ్చు సాక్ష్యములు. రక్తములో క్రియాటినిను పెరుగునప్పటికి చాల భాగము చెడియుండవచ్చును. లూపస్ వచ్చినవారిలో ఇంచుమించు సగముమందికి ఎప్పుడో యొకప్పుడు మూత్రపిండములకు ఈ తాకిడి తగులును.

దీనిని పట్టు సాధనము మాత్రము మిక్కిలి చవుక. కోడిగ్రుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టునని విజ్ఞానశాస్త్రపు పాఠము చెప్పు ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. పూర్వము పరీక్షానాళికలో మూత్రమును కాచి, అది తెలుపెక్కుటను చూచి ఆల్బుమినును గుర్తించుట ఈ సూత్రముననే. నేడు రంగుకాగితపు పట్టీ ఒక నిమిషములో ఆ పని చేయును. పట్టీ దోషము చూపినచో ఎంత జారుచున్నదో కొలుతురు. పిదప సూదితో మూత్రపిండమునుండి మినుముముక్కయంత తునుక తీసి సూక్ష్మదర్శినిలో చూతురు. ఈ బయాప్సీ పేరు వినగనే తలిదండ్రులు వణకుదురు. కాని వ్యాధి స్వరూపములు ఆరు తరగతులు. వెలుపల ఒకే విధముగా కనబడినను ఒకదానికి తీవ్రమైన మందు కావలెను, వేరొకదానికి అక్కరలేదు. తునుక చూడక మందిచ్చుట చీకటిలో బాణము వేయుటయే.

తక్కిన అవయవములకును ముప్పు లేకపోలేదు. గుండెను, ఊపిరితిత్తులను కప్పు పొరలలో నీరు చేరవచ్చును; మెదడును తాకినచో మూర్ఛలు, మతిచాంచల్యము కలుగును; రక్తకణములు తగ్గును. అందరికి అన్నియు రావు.

చికిత్స కథలో మన గడ్డకు కొంత బంధుత్వమున్నది. అమీర్‌పేట ప్రక్కనే యున్న బేగంపేటలో, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ కనుగొనెను. మలేరియాకై పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రయే నేడు లూపస్ రోగులలో దాదాపు అందరికి నిత్యౌషధము. ఏటేట కంటిపరీక్ష చేయించుకొనుచు వాడవలెను. కీళ్లనొప్పులకిచ్చు మెథోట్రెక్సేటు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో రూపొందిన మందులలోనిది. మూత్రపిండములు తాకుడుపడినప్పుడు స్టెరాయిడ్లకు తోడు మైకోఫెనొలేటు గాని సైక్లోఫాస్ఫమైడు గాని ఇత్తురు.

అమెరికా కథారచయిత్రి ఫ్లానరీ ఓకానర్ తండ్రి 1941లో ఈ వ్యాధితోనే మరణించెను. ఆమెయు దీనితో పండ్రెండేండ్లకు పైగా పోరాడి, కఱ్ఱల ఊతతో నడచుచు, నెమళ్లను పెంచుకొనుచు కథలు వ్రాసి, 1964లో 39వ యేట కన్నుమూసెను. ఆ దినములలో రోగము తెలిసిన నాలుగైదేండ్లలోనే సగముమంది పోవువారు. నేడు అయిదేండ్లు దాటి జీవించువారు నూటికి తొంబదిమందికి పైగా. అయినను మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి రక్తశుద్ధి యంత్రమో, అవయవమార్పిడియో తప్పదు. మరణించినవారి అవయవములను పంచు ‘జీవన్‌దాన్’ పథకము 2013లో నిమ్స్ ఆవరణమునుండియే ఆరంభమైనది.

ఇక సంసారపక్షపు మాట. స్టెరాయిడుతో ముఖము గుండ్రనగును. పెండ్లిచూపుల వేళకు ఆ ఉబ్బు తగ్గవలెనని, మందుల పెట్టె వియ్యాలవారి కంట పడరాదని, పెద్దలే మాత్రలు మాన్పించు ఇండ్లు కలవు. స్టెరాయిడును హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. తక్కినవి మానినచో అణగిన వ్యాధి తిరుగబడును. లూపస్ ఉన్నంతమాత్రమున పెండ్లి కూడదని గాని, సంతానము కలుగదని గాని వైద్యులు చెప్పరు. కనీసము ఆరునెలలు వ్యాధి అణగియుండవలెననియు, గర్భమునకు హానిచేయు మైకోఫెనొలేటు, సైక్లోఫాస్ఫమైడులను ముందుగా మార్పించుకొనవలెననియు, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రము ఆపరాదనియు చెప్పుదురు. ఆ మాటలు వినవలసినవారు పిల్లతోపాటు ఆ వరుసలో నిలుచు తల్లియు, ఇంటివద్ద నిలిచిపోయిన తండ్రియు, కాబోవు భర్తయు.