మా అమ్మ వచ్చేదాకా ఆగండి

పోలీసుల మాట వస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేది ఒకటే: "వాళ్ల జోలికి పోకు." ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచుతున్న నాకు ఆ ఒక్క మాట సరిపోతుందని అనిపించడం లేదు. ఎందుకంటే 'చైల్డ్ క్యూ' ఎవరి జోలికీ పోలేదు.

అది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. పేరు బయటికి రాకూడదని పెట్టింది. 2020 డిసెంబరులో లండన్‌లోని హాక్నీలో, పదిహేనేళ్ల ఆ నల్లజాతి అమ్మాయి బడిలో పరీక్ష రాస్తోంది. గంజాయి వాసన వస్తోందన్న అనుమానంతో బడివాళ్లు పోలీసులను పిలిచారు. ఇద్దరు మహిళా పోలీసులు ఒక గదిలో ఆమె బట్టలు విప్పించి సోదా చేశారు. నెలసరిలో ఉందని తెలిసీ ఆగలేదు. తల్లికి ముందు కబురు లేదు. టీచర్లు గది బయటే ఉన్నారు. గంజాయి దొరకలేదు.

18 ఏళ్లలోపు పిల్లలకు ఇలాంటి సోదా చేయాలంటే, మరీ అత్యవసరమైతే తప్ప, తల్లో తండ్రో సోషల్ వర్కరో పక్కన ఉండాలన్నది ఇక్కడి నియమం. ఆ మనిషినే 'అప్రోప్రియేట్ అడల్ట్' అంటారు. 2018 నుంచి 2022 మధ్య వరకు ఇంగ్లండ్, వేల్స్‌లలో పిల్లలకు జరిగిన 2,847 సోదాలను చిల్డ్రన్స్ కమిషనర్ పరిశీలిస్తే, సగానికి పైగా వాటిలో ఆ పెద్ద ఉన్నట్టు నమోదే కాలేదు.

చైల్డ్ క్యూ కేసును విచారించింది ఐఓపీసీ అనే స్వతంత్ర సంస్థ. 2018లో ఈ రూపంలో మొదలైంది. దాని అధిపతి గతంలో ఎన్నడూ పోలీసు ఉద్యోగం చేసి ఉండకూడదని చట్టం. చివరికి 2025 జూన్‌లో ఇద్దరు అధికారుల ఉద్యోగాలు పోయాయి, మూడో అధికారికి తుది హెచ్చరిక వచ్చింది. దీనికి నాలుగున్నరేళ్లు పట్టింది. పిల్ల పెద్దదైపోయాక వచ్చే న్యాయం సగం న్యాయమే. అయినా పోలీసుల తప్పును పోలీసులే తేల్చుకోమని వదిలేస్తే ఆ సగమైనా దక్కేదని నేను నమ్మను.

"వీసా మీద ఉన్నాం, మనకెందుకు" అనుకునే తల్లులకు ఒక మాట. ఫిర్యాదు చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, రుసుమూ లేదు. ఐఓపీసీ వెబ్‌సైట్ నుంచే పంపవచ్చు. మామూలు ఫిర్యాదులను ముందుగా ఆ పోలీసు శాఖే చూస్తుంది. జవాబు నచ్చకపోతే 28 రోజుల్లోగా సమీక్ష కోరవచ్చు. ఎవరిని కోరాలో ఆ జవాబులోనే ఉంటుంది. తేదీ, సమయం, అధికారి నంబరు ఆరోజే రాసిపెట్టుకోండి. వాళ్ల ఒంటిమీది కెమెరా వీడియోను చెరిపేయకుండా ఉంచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి.

పిల్లలకు మాత్రం ఇది నేర్పండి: పారిపోవద్దు, తిరగబడొద్దు. నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాలి: "నాకు పదిహేనేళ్లు. మా అమ్మ వచ్చేదాకా ఆగండి."