సీటు మెత్తగా ఉంటే చాలదు

మోటారు సైకిలు కొనేటప్పుడు మనవాళ్లు మైలేజీ అడుగుతారు, పికప్ చూస్తారు, రంగు దగ్గర గంటసేపు తర్జనభర్జన పడతారు. తమను మోసే సీటును మాత్రం బొటనవేలితో ఒకసారి నొక్కి "మెత్తగానే ఉంది లెండి" అని వదిలేస్తారు. దూర ప్రయాణానికి ఈ బొటనవేలి పరీక్ష ఎందుకు పనికిరాదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక్కరే కూర్చునే సీటు మనకు కొత్తది కాదు. వెనక చక్రానికి షాక్ అబ్జార్బర్లు లేని రోజుల్లో, కింద స్ప్రింగులున్న జీనులాంటి సీటే అందరికీ గతి. తర్వాత ఇద్దరు కూర్చునే పొడుగు సీట్లు వచ్చాయి. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ బళ్లతో మన దేశంలో స్ప్రింగు సీటు మళ్లీ ఫ్యాషనైంది.

మా నాన్నగారి పాత బుల్లెట్‌కు ఈ మధ్య అలాంటి సీటే వేయించాం. మిర్చి సీజనులో నరసరావుపేట దగ్గర మా ఊరి నుంచి గుంటూరు యార్డుకు రానూపోనూ దాదాపు 100 కిలోమీటర్లు. దిగేసరికి నడుము పట్టేసి అరుగు మీద వాలిపోయేవారు. సీటు ఎంచడానికి క్లాసులో చదివిన ఫిజిక్సే అక్కరకొచ్చింది.

మొదటిది పీడనం. కూర్చున్నప్పుడు మన బరువు ముఖ్యంగా పిరుదుల కింద రెండు ఎముకల మీద పడుతుంది. సీటు మీద 60 కిలోల బరువు 300 చదరపు సెంటీమీటర్ల మేర పడితే పీడనం సుమారు 147 మిల్లీమీటర్ల పాదరసం. 600 మేర పరచుకుంటే అందులో సగం. కాబట్టి వెనక భాగం వెడల్పుగా ఉండాలి. మరీ మెత్తని స్పాంజి ఎముకల కింద పూర్తిగా అణిగిపోతుంది. అరగంటలో అడుగునున్న రేకే తగులుతుంది. పాత ట్రాక్టర్ల ఇనప సీటు చూడండి. దానికి స్పాంజి లేదు, ఆకారమే బరువును పంచుతుంది.

రెండోది స్ప్రింగు. కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 6 సార్లు పైకీ కిందికీ ఊగితే ఎక్కువగా అదురుతుంది. మనం కూర్చోగానే స్ప్రింగు 1 సెంటీమీటరే అణిగితే దాని సహజ పౌనఃపున్యం సుమారు 5. అంటే అదురును తగ్గించకపోగా పెంచుతుందన్నమాట! 5 సెంటీమీటర్లు అణిగితే అది 2.2కు దిగుతుంది. దానికి 1.4 రెట్లు దాటిన అదురునే స్ప్రింగు తగ్గిస్తుంది గనుక, అప్పుడు నడుము గట్టెక్కుతుంది. పరీక్ష సులభం. ఖాళీ సీటు ఎత్తును, మీరు కూర్చున్నాక ఎత్తును స్నేహితుడి చేత స్కేలుతో కొలిపించండి. తేడా 4, 5 సెంటీమీటర్లుండాలి. ఆ పైన గోతుల కోసం ఇంకా కొంత జాగా మిగలాలి.

మూడోది అందరూ మరచేది. 1930లో లాండిస్ అనే శాస్త్రజ్ఞుడు వేలిగోటి దగ్గర సన్నని రక్తనాళాల్లో పీడనం కొలిచాడు. ధమని వైపు అది సుమారు 32 మిల్లీమీటర్లు. పై లెక్కలో మంచి సీటు మీద కూడా పీడనం 73 దాకా ఉంది కదా! అంటే ఎంత ఖరీదైన సీటైనా, కదలకుండా కూర్చుంటే ఒళ్లు నొక్కుకుపోక తప్పదు. గిన్నెలా లోతుగా ఉన్న సీటు షాపులో హాయిగా ఉంటుంది, రోడ్డు మీద మనల్ని ఒకేచోట బంధిస్తుంది. కాస్త ముందుకూ వెనక్కూ జరగడానికి వీలైనది ఎంచుకోవాలి. ముందుకు వాలిన సీటయితే బ్రేకు వేసిన ప్రతిసారీ ట్యాంకు మీదికి జారుస్తుంది, అదీ వద్దు.

ఇంకో సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం వెనక మనిషిని సరిగ్గా బిగించిన సీటు మీదే ఎక్కించుకోవాలి. ఒంటి సీటు వేయించాక స్నేహితుణ్ణి క్యారియర్ మీద కూర్చోబెట్టడం కుదరదు.

కనుక మిత్రులారా, సీటు కొనేముందు దాని మీద కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కొన్నాక గంటకోసారి బండి ఆపి నాలుగడుగులు వేయండి. మా నాన్నగారు ఇప్పుడు దారిలో టీకి ఆగుతున్నారు. నడుం నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇంటికొచ్చాక గేదెలకు మేత వేసే ఓపిక మిగులుతోంది. ఆ టీకీ సీటుకూ చెరి సగం మార్కులు వేయాలి.